పేరు అడిగే తలుపు

జీపు రోడ్డు ఆగిపోయే చోట, కొండ మొదట్లో, ఒక రేకుల ఆస్పత్రి ఉంది. రెండు గదులు, ఒక వసారా, చీకటి పడగానే పోయే కరెంటు. పొద్దుగూకాక ఆ తలుపు తట్టేది మనుషులు కాదని దిగువ ఊళ్ళో ఏ చిన్నపిల్లని అడిగినా చెబుతుంది.

పైన కొండ మీద పదకొండు గూడేలు. జిల్లా మ్యాపులో ఆ మేరంతా ఉత్త పచ్చరంగే, ఒక్క ఊరూ కనపడదు. అక్కణ్ణుంచి మనిషి కిందికి దిగాలంటే రెండు వాగులు దాటాలి. నడవలేనివాళ్ళని దుప్పట్లో పడుకోబెట్టి, వెదురుకి డోలీ కట్టి మోసుకొస్తారు. అంత దూరం మోసుకొచ్చాక ఉన్న తలుపు ఇదొక్కటే. ఆ తర్వాతి ఆస్పత్రి నలభై కిలోమీటర్లు.

నేను ఆ దారిలో జీపు తోలేవాణ్ణి. ఈ సంగతి నాకు చెప్పింది అక్కడ పనిచేసిన నర్సే. చెబుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూసింది.

ఆమెకి ముందు అక్కడొక కాంపౌండరు ఉండేవాడు. పదేళ్ళ ఉద్యోగంలో ఒక్క రాత్రి అక్కడ పడుకున్న పాపాన పోలేదు. సాయంత్రం ఐదయ్యేసరికి నా జీపులో ముందు సీట్లో ఉండేవాడు. "ఆ కొంపలో రాత్రిపూట ఉండటం నా వల్ల కాదురా నాయనా" అని మొదలుపెట్టి దారి పొడుగునా దెయ్యాల కథలు చెప్పేవాడు. మంచి మాటకారి. నేను స్టీరింగు పట్టుకుని పగలబడి నవ్వేవాణ్ణి.

బదిలీ మీద వెళ్ళిపోతూ, తాళాలు చేతికిస్తూ, కొత్తగా వచ్చిన నర్సుకి గొంతు తగ్గించి చెప్పాడట — "రాత్రి ఎవరైనా తలుపు తడితే తియ్యకమ్మా. ముందు పేరు అడుగు. మనుషులైతే టక్కున చెబుతారు. అవి చెప్పవు."

ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళు. దెయ్యాలు లేవనే చదువుకుంది. కానీ చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేనిచోట, ఒక్క లాంతరుతో, రేకుల మీద వాన పడుతుంటే ఆ చదువు ఎంతసేపు నిలబడుతుంది చెప్పండి.

నాలుగో రాత్రి...

ముందు వసారాలో అడుగుల చప్పుడు. ఒకరివి కాదు, చాలామందివి. తర్వాత ఏదో బరువు నేల మీద దించినట్టు వినపడింది. ఆ తర్వాత తలుపు మీద — టక్... టక్...

ఆమె లేచి కూర్చుని లాంతరు తగ్గించింది.

"ఎవరు?"

చప్పుడు ఆగిపోయింది.

"ఎవరది? పేరు చెప్పండి."

అవతల ఊపిరి వినిపిస్తోంది — నలుగురు నిలబడి రొప్పుతున్నారు, ఒక్కరూ నోరు విప్పడం లేదు.

కాసేపటికి మళ్ళీ తట్టారు, ఇంకా మెల్లగా. ఒక మగ గొంతు, గుసగుసగా — "తలుపు తియ్యమ్మా... మనిషి పోయేలా ఉంది..."

ఆమె గడియ దాకా వెళ్ళింది. చెయ్యి వేసింది. అంతలో ఆ కాంపౌండరు మాట గుర్తొచ్చింది.

"ఎవరికి బాలేదు? పేరు చెప్పండి, తీస్తాను."

అవతల ఎవరో ఒకడుగు వెనక్కి వేసినట్టు తెలిసింది.

మనుషులే అయితే ఒక్క పేరు చెప్పడానికేం? ఆమె గడియని రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. అరగంట... గంట... వాన తగ్గింది. అవతల ఊపిరి మాత్రం పోలేదు.

ఉన్నట్టుండి, తలుపుకి ఆనుకుని, ఆ గొంతే ఒక పేరు చెప్పింది. మగమనిషి పేరు. గట్టిగా, ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పింది.

ఆమె గడియ తీసింది.

ఎదురుగా తన ఈడు కుర్రాడు. చేతులు కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు.

"నా పేరు చెప్పేశాను," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "నన్ను తీసుకుపో. దాన్ని వదిలెయ్."

వెనక నేల మీద డోలీ. అందులో అతని భార్య. మధ్యాహ్నం గూడెంలోనే బిడ్డ పుట్టింది, ఆ తర్వాత నెత్తురు ఆగలేదు. దాన్ని ఆపే ఇంజెక్షను లోపల ఐసుపెట్టెలో ఉంది, నర్సు మంచానికి మూడడుగుల దూరంలో. పరుగున తెచ్చి వేసింది. కానీ ఆ చెయ్యి అప్పటికే చల్లబడిపోయింది. ఆ గంట ముందైతే బతికేదని నర్సు నాతో అంది.

డోలీ మోసినవాళ్ళలో పెద్దాయన, ఆ కుర్రాడి మేనమామ, తల దించుకుని చెప్పాడట.

"పాత కాంపౌండరు బాబే చెప్పాడమ్మా, చీకటిపడ్డాక ఇటు రావద్దని. రాత్రయితే లోపల ఒకటి చేరుతుందట. పేరు అడుగుతుందట. ఎవరి పేరు చెబితే వాళ్ళని తీసుకుపోతుందట... కొత్త సిస్టరమ్మ వచ్చిందని విని, ధైర్యం చేసి దిగాం. నువ్వేమో పేరే అడిగావు."

లోపలా దెయ్యం లేదు, బయటా లేదు. ఆ కాంపౌండరు రాత్రిళ్ళు తను డ్యూటీలో ఉండటం లేదని కొండవాళ్ళకి తెలియకుండా వాళ్ళకొక కథ కట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళు తలుపు తీస్తే పదేళ్ళ బండారం బయటపడుతుందని ఈ పిల్లకింకొకటి చెప్పాడు. ఆయన ఇప్పుడు పట్నంలో నిక్షేపంగా ఉన్నాడు. తలుచుకుంటే నాకు కడుపు మండిపోతుంది. ఆ కథలకి నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం.

మిగతా ముగ్గురూ డోలీ ఎత్తడానికి సిద్ధమయ్యారట. కుర్రాడు మాత్రం లేవలేదు. గడప మీద కూర్చుని, గది లోపలికే చూస్తూ, తెల్లారేదాకా ఉండిపోయాడు. వెలుగొచ్చాక నర్సుని ఒక్క మాట అడిగాడట.

"పేరు చెప్పాను కదమ్మా... నన్నింకా తీసుకుపోదేం?"