తూర్పుకు జరిగిన హద్దు

2003 కార్తీకమాసంలో ఒక ఉదయం తాయమ్మ తిరుపతిలో ప్రైవేటు డిటెక్టివ్ రఘునాథ్ గదికి వచ్చింది. ఇచ్చిన మంచినీళ్ళు తాగలేదు. పూతలపట్టు దగ్గర ఆమెకు మామిడితోట, పడమటి అంచున బోరు ఉన్నాయి.

"ఎండాకాలం కొలిస్తే బోరు నాదన్నారు సార్. కంచె వేద్దామని నిన్న మళ్ళా కొలిస్తే పక్కన చెంగయ్యదంట. నీళ్ళు లేని తోటను ఏం చేసుకోవాల? మా మరిది పెంచలయ్య కొంటానంటాడు. అమ్మితే నాకు బతుకుతెరువేముండాది?"

రఘునాథ్ తన సహాయకురాలు జాహ్నవిని వెంటబెట్టుకుని మధ్యాహ్నానికి తోట చేరాడు. రెండుసార్లూ కొలిచిన సర్వేయరు ధనంజయ తోట పక్క గుట్ట మీద ఒక రాయి దగ్గర నిలబడి ఉన్నాడు. రాయి మీద ముక్కాలిపీట, దాని మీద రిసీవరు.

"ఉపగ్రహాల లెక్కలో తప్పు ఉంటాది సార్," అన్నాడు ధనంజయ. "ఈ రాయి ఉండే చోటు మనకు ముందే తెలుసు. తప్పు ఎంతో ఈ రిసీవరు పట్టుకుని, నా చేతిలోదానికి రేడియోలో సవరణ పంపుతాది."

"నిన్న సవరణ రాలేదేమో?"

"రాకుంటే కొలత గంటకో చోట చూపిస్తాది. మూడుసార్లు కొలిచినా. మార్పు లేదు."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎండాకాలం చెంగయ్య, పెంచలయ్య ఈ యంత్రాల పెట్టెలు మోసినారు. అడిగితే ఇద్దరికీ చెప్పినా."

తోటకు పడమట చెంగయ్య పొలం, తూర్పున పెంచలయ్యది.

"నాకేం తెలీదబ్బా," అన్నాడు చెంగయ్య. "బోరు వచ్చి నా ఒళ్ళో పడింది. పొమ్మంటానా?"

"నాకు నష్టమే సార్," అన్నాడు పెంచలయ్య. "తూర్పు హద్దు నా కయ్యలోకి పది అడుగులు వచ్చింది."

ఎండాకాలం పెట్టిన గుర్తు నుంచి పడమటి హద్దూ తూర్పుకు పది అడుగులే జరిగిందని జాహ్నవి టేపుతో చూసింది. గుట్ట మీది రాయి మొదలు దగ్గర మొలకలు కనిపిస్తే వంగి చూసింది. పెసర, అలసంద, నువ్వు. రఘునాథ్ రాయికి పడమటగా నడుస్తూ కర్రతో నేల పొడిచాడు. ఒకచోట కర్ర లోపలికి దిగింది.

అందరినీ రాయి దగ్గరికి పిలిచాడు.

"దీన్ని పీకాలి. గడ్డపార తెండి."

చెంగయ్య వెంటనే కదిలాడు. పెంచలయ్య అడ్డం వచ్చాడు.

"వద్దు సార్. పూజ చేసి నాటిన రాయి. పీకితే ఇంటికి మంచిది కాదు."

"ధనంజయా, నువ్వు పూజ చేశావా?"

"లేదు సార్. గుంత తవ్వి పాతినా, అంతే."

రఘునాథ్ పెంచలయ్య వైపు తిరిగాడు.

"రెండు హద్దులూ ఒకే దిక్కుకు ఒకే కొలత జరిగాయి. అంటే సవరణ వచ్చింది, రావలసిన చోటు నుంచి రాలేదు. రాయి పది అడుగులు తూర్పుకు జరిగింది. పాత గుంత అదిగో. యంత్రం రాయి కదల్లేదనుకుంది. రాయితో పాటు హద్దులు జరిగాయి. ఆ పని చేసినవాడు దొంగతనంగా నాటినా అడుగున నవధాన్యాలు వేయకుండా ఉండలేకపోయాడు. వానకు అవి మొలిచాయి. పూజ సంగతి నాటినవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? నీకు పోయేది పది అడుగుల నేల. వదినకు బోరు పోతే నీకు వచ్చేది తోటంతా."

పెంచలయ్య తల దించుకున్నాడు.

"అన్న నాటిన చెట్లు వదినా. ఎవురికో అమ్మేస్తావని భయపడితిని."

"అమ్ముతానని ఎప్పుడన్నా అంటినా?"

ధనంజయ రిసీవరును పాత గుంత మీదికి మార్చి మళ్ళీ కొలిచాడు. బోరు తాయమ్మ వైపు వచ్చింది.

"కేసు పెడతావామ్మా?" రఘునాథ్ అడిగాడు.

"పెట్టను సార్. కంప నరికి, ఈ హద్దు పొడుగునా కంచె ఆయనే వేయాల. ఈ పొద్దే. నేను ఈడ్నే నిలబడి సూస్తా."

పెంచలయ్య కొడవలి కోసం వెళ్ళాడు. తాయమ్మ మోటారు వేసి వచ్చి హద్దు మీద నిలబడింది.