ఆరబెట్టిన పొర

తెల్లవారేసరికి ఫిల్టర్ ప్లాంటు కెమిస్టు చెరువులో శవమై తేలాడు. ఈతలో కప్పులు గెలిచినవాడు మోకాటి లోతులో మునిగి చచ్చాడంటే, చెవిలో పువ్వులు పెట్టుకున్నవాళ్ళు నమ్మాలి.

ఏడింటికి చీఫ్ బల్ల మీద దారమంత సన్నటి తెల్ల గొట్టం పెట్టాడు.

"కెమిస్టు గుప్పిట్లో దొరికింది. మెంబ్రేన్, వడపోత పొర. చెరువు నీళ్ళు ఇలాంటి గొట్టాల గోడల్లోంచి వడకట్టుకుని సిటీకి వెళ్తాయి. మట్టీ క్రిములూ బయటే ఆగిపోతాయి. దీన్ని చూడు, బ్లేడుతో నిలువునా చీల్చారు. ఈ గొట్టాలు బిగించిన పది రాకుల్లో ఏ రాకుదో తెలీదు."

"చెరువులో ఏం కలిపారు?" అన్నాడు తాబేలు. ఆచితూచి అడుగేస్తాడని డిపార్ట్‌మెంటు అతనికి పెట్టిన పేరది.

"రోగాల క్రిములు. సరిహద్దు అవతలి ముఠా పని. పదింటికి సిటీ వాల్వు తెరుచుకుంటుంది. ఇప్పుడే ఆపేస్తే ముఠా జారుకుని ఇంకో చెరువు చూసుకుంటుంది. లోపల మన ఏజెంటుంది, నెమలి. ఆమెను కలువు." చీఫ్ ఒక వాచీ అందించాడు. "బటన్ నొక్కితే ప్లాంటంతా కరెంటు పోతుంది. ఒక్కసారే."

తాబేలు వాచీ కట్టుకున్నాడు. సిటీలో అతని అక్క ఉంది. ఆమె కవలలు కుళాయి కింద దోసిలి పట్టి తాగే రకం. తాగొద్దని ఒక్క ఫోన్ చేద్దామంటే రూల్సు ఒప్పుకోవు. తమ్ముడు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా అని అక్క నమ్మకం.

తొమ్మిదిన్నరకి ఒంటి నిండా గ్రీజు పూసుకుని, పంపు మెకానిక్ వేషంలో ప్లాంటులో దిగాడు. ముసలి ఆపరేటర్ స్పేర్ పొరల మీద గోనెపట్టా కప్పి పైపుతో తడుపుతున్నాడు. నేలంతా చిత్తడి.

"ఎందుకు పెద్దాయనా, ఇన్ని నీళ్ళు?"

"పొర ఆరిందంటే చచ్చిందే బాబూ. కన్నాలు మూసుకుపోతాయి, చుక్క దూరదు. మా ఆవిడకి కూడా ఇంత సేవ చెయ్యలేదనుకో. అదిగో, ఆ మూడో రాకు మొన్నే మార్చారు. అన్నిటికంటే ధారగా ఇస్తోంది, బంగారుతల్లి!"

తొమ్మిదీ యాభై తొమ్మిదికి తెల్లకోటు, నల్లకళ్ళద్దాలు, హైహీల్స్‌తో కంపెనీ ఇంజనీరు వచ్చింది. క్లోరిన్ కంపుని సెంటు మింగేసింది.

"చెరువు నిండిందా?" అంది.

"అలుగు పారుతోంది."

కోడ్ కుదిరింది. నెమలి గొంతు తగ్గించింది. "పంపుహౌస్‌లో బాంబుంది. పరిగెత్తు!"

"మరి పొరలు?"

"వాటికేం ఢోకా లేదు. మూడో రాకు నేనే దగ్గరుండి మార్పించా. రెండ్రోజులు ఎండలో ఆరబెట్టి మరీ బిగించాం."

తాబేలు నాలుగు అడుగులు పరిగెత్తి ఆగిపోయాడు. ఆరబెట్టారా? ఆరిన పొరలోంచి చుక్క దూరదన్నాడే ముసలాయన. మరి మూడో రాకులో అంత ధార ఎక్కణ్ణుంచి వస్తోంది?

చీలికల్లోంచి.

వెనక్కి తిరిగాడు. నెమలి చేతిలో పిస్తోలు.

"నీ పేరు తాబేలన్నారే! ఇంత తొందరగా తిరిగావేం?" అని నవ్వింది. "కెమిస్టూ ఇలాగే తిరిగాడు. ఇంకో పది సెకన్లు, సిటీ దాహం తీరిపోతుంది."

గోడ అవతల వాల్వు మోటారు మూలిగింది. తాబేలు కళ్ళ ముందు రెండు చిన్న దోసిళ్ళు మెదిలాయి. బటన్ నొక్కాడు.

కిటికీల్లేని ఆ హాల్లో లైట్లు ఆరిపోయాయి. మోటారు గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది. చీకట్లో తూటా ఒకటి కప్పుకి తగిలింది. ఆ వెంటనే హైహీల్స్ చిత్తడిలో జర్రున జారిన చప్పుడు. తాబేలు టార్చి వేసేసరికి నెమలి వెల్లకిలా పడుంది, ముసలాయన ఆమె మీద తడి గోనెపట్టా కప్పి దాని మీద కూర్చున్నాడు.

"బాబూ, ఈవిణ్ణి కూడా తడపాలా?"

వాల్వు వెంట్రుకవాసి కూడా తెరుచుకోలేదని చూశాకే తాబేలు ఊపిరి పీల్చుకున్నాడు. నెమలి చేతులు కట్టేస్తుండగా ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, పది దాటినా కుళాయిలో చుక్క లేదు! పిల్లలు దాహం అని నా ప్రాణం తీస్తున్నారు. మీ ఆఫీసువాళ్ళు ఏం చేస్తున్నార్రా?"

తాబేలు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం చేస్తామక్కా, గవర్నమెంటు ఉద్యోగం. నిద్రపోతున్నాం."