కడగని కాళ్ళు

శనివారం పొద్దున కాఫీ తాగగానే గరాజ్ తలుపెత్తి, పక్కింటివాళ్ళకంటే ముందే లాన్ కోసెయ్యడం ఆదిశేషు అలవాటు. ఆ రోజు మాత్రం పట్టుపంచె కట్టుకుని వంటింట్లో కూర్చున్నాడు. శశికాంత్ వాళ్ళ గృహప్రవేశం. అమెరికాలో వాళ్ళుండే క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎవరు కొత్త ఇల్లు కొన్నా, పాలు పొంగించే దగ్గర్నుంచి భోజనాల బల్లలు మడతపెట్టేదాకా ఆయన అక్కడ ఉండాల్సిందే. మందుల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు సైంటిస్టుగా చేసి రిటైరైన మనిషి, ఊరందరికీ పెద్దదిక్కు. సొంత కూతురింటికి వెళ్ళడానికి మాత్రం ఆయనకి తీరిక దొరకదు.

"ఏమండీ, ఇవాళైనా వెళ్దామండీ," అంది ప్రమోద ఇడ్లీ ప్లేటు ముందు పెడుతూ. "ఇదే ఆఖరి మ్యాచ్. రేపట్నుంచి కోస్టిన్ ఇక ఆడడు."

"ముప్ఫై మూడేళ్ళకే రిటైర్మెంటు! ఆ వయసుకి నాకింకా పీహెచ్‌డీ కూడా పూర్తవలేదు," అన్నాడు ఆదిశేషు చట్నీ కలుపుకుంటూ. "మోకాలికి రెండు ఆపరేషన్లు. ఆ ఆట ఎందుకు, ఆ అవస్థ ఎందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల!"

ఆయనకి సామెతలకి కరువు లేదు. ప్రమోద సాంబారు వడ్డించింది.

కోస్టిన్ వాళ్ళ అల్లుడు. రొమేనియాలో ఒక బొగ్గుగనుల ఊళ్ళో పుట్టి, పదిహేడేళ్ళకే అక్కడి క్లబ్బులో చేరి, మూడు జట్లు మారి, 2007లో ఇక్కడి సాకర్ జట్టుకి వచ్చాడు. ఎడమ వింగర్. అంటే మైదానం అంచు వెంబడి బంతితో పరిగెత్తి, మధ్యలో ఉన్నవాళ్ళకి గోలు కొట్టడానికి అందించే పని. "పంక్తిలో వడ్డించేవాడన్నమాట," అని ప్రమోద తేలిగ్గా అర్థం చేసుకుంది. ఫిజికల్ థెరపిస్టుగా పనిచేసే శ్రుతి అతని మడమకి వైద్యం చేస్తూ చేస్తూ, ఇతన్నే చేసుకుంటానని ఇంట్లో చెప్పింది. ఆదిశేషు నెల రోజులు కూతురితో మాట్లాడలేదు. పరాయి దేశంవాడనేది సగం బాధ. బంతి తన్నేవాడనేది మిగతా సగం.

2009లో గుళ్ళో పెళ్ళి జరిగింది. కన్యాదానంలో మామగారు వరుడి కాళ్ళు కడగాలి. దానికోసం ప్రమోద విజయవాడ నుంచి పెద్ద ఇత్తడి పళ్ళెం తెప్పించింది. తీరా ముహూర్తం వేళకి ఆదిశేషు నడుం పట్టుకుని, "పట్టేసింది, పీటల మీద కూర్చోలేను," అన్నాడు. ప్రమోద తమ్ముడు మోహన్, అతని భార్య కూర్చుని కన్యాదానం చేశారు. ఆదిశేషు కుర్చీలో కూర్చుని అక్షింతలు వేశాడు. కోస్టిన్ ఆయన్ని 'అంకుల్' అనే పిలిచేవాడు. ఇంకోలా పిలవమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే 'స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్' అని చెప్పేవాడు.

ఏడాదికోసారి శ్రుతి, ఆ ఏటి మ్యాచ్‌లన్నిటికీ పనికొచ్చే సీజన్ టికెట్లు రెండు తెచ్చేది. వాటితో పాటు కోస్టిన్ తన జట్టు ఫిజియో దగ్గర తీసుకున్న నడుంనొప్పి మందు ట్యూబు ఒకటి పంపేవాడు. రెండూ వంటింటి సొరుగులోకే వెళ్ళేవి. మొగుడు రానిదే ప్రమోద వెళ్ళేది కాదు. ఆయన్ని తప్పుపట్టినట్టవుతుందని భయం.

తొమ్మిదింటికి శ్రుతి వచ్చింది. మ్యాచ్ మధ్యాహ్నం మూడింటికి. కోస్టిన్ బయట ఫోన్ మాట్లాడుతున్నాడు.

"నాన్నా, మ్యాచ్ అయ్యాక క్లబ్ వాళ్ళు కోస్టిన్‌ని ఆనర్ చేస్తారు. ఫ్యామిలీతో ఫీల్డ్ చుట్టూ నడవాలి. వాళ్ళ నాన్న పోయి మూడేళ్ళయింది, అమ్మకి వీసా రాలేదు. మీరు రావాలి."

"శశికాంత్‌కి మాటిచ్చానమ్మా. సాయంత్రం దాకా అక్కడే పని."

"ఐదేళ్ళు నాన్నా! ఒక్క మ్యాచ్ చూశారా?"

"నాకా ఆట అర్థం కాదు."

"ఆట కాదు, ఆడేవాడు నచ్చలేదు. అది చెప్పండి!" శ్రుతి గొంతు పెరిగింది. "రేణు ఆంటీ నన్ను అడుగుతోంది, మీ హస్బెండ్ ఏ కంపెనీలో మేనేజర్ అని. ఇంత సిగ్గా మీకు?"

"గట్టిగా అరవకు. ఎవరి భయాలు వాళ్ళకుంటాయి. రేపు ఆ కాలు విరిగితే నీ గతేంటని నేను ఆలోచించకూడదా?"

"ఆలోచించారులెండి. పెళ్ళిలో బ్యాక్ పెయిన్ అన్నారు. మర్నాడే గుళ్ళో అన్నదానానికి బియ్యం బస్తాలు భుజాన మోశారు, నేను చూశాను! మీ బ్యాక్ పెయిన్ డ్రామా నాన్నా. అతని కాళ్ళు ముట్టుకోవడం ఇష్టం లేక ఆడిన డ్రామా!"

ఆదిశేషు తల తిప్పి చూశాడు. గుమ్మంలో కోస్టిన్ నిలబడి ఉన్నాడు. ఐదేళ్ళుగా ఇంట్లో వింటున్న తెలుగు, మధ్యలో ఇంగ్లీషు. అతనికి అర్థం కానిదేమీ మిగల్లేదు. చేతిలో కొత్త ట్యూబు ఉంది. ఒక్క క్షణం దానికేసి చూసుకుని, మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"బై అత్తయ్యా. బై అంకుల్," అని బయటికి నడిచాడు. శ్రుతి ఏడుస్తూ వెనకే వెళ్ళింది. ప్రమోద సొరుగు తెరిచి ఒక టికెట్ తీసుకుంది.

"నేను వెళ్తున్నానండీ," అంది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని అడక్కుండా చెప్పిన మొదటి మాట అదేనేమో.

గృహప్రవేశంలో ఆదిశేషుకి పప్పు గిన్నె ఎక్కడ పెట్టాడో గుర్తుండటం లేదు. రెండున్నర దాటాక ఆఖరి పంక్తికి పులిహోర వడ్డిస్తుంటే శశికాంత్ పలకరించాడు.

"మీ అల్లుడుగారు రాలేదేం సార్? వీకెండ్ కూడా మేనేజర్లకి పనేనా?"

"మేనేజర్ కాదయ్యా," అన్నాడు ఆదిశేషు. గరిటె చేతిలోనే ఉంది. "ఫుట్‌బాల్ ఆడతాడు. లెఫ్ట్ వింగర్. ఇవాళ అతని ఆఖరి మ్యాచ్."

"మరి మీరిక్కడున్నారేంటి సార్?"

శశికాంత్ మామూలుగానే అడిగాడు. ఆదిశేషుకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. గరిటె అతని చేతిలో పెట్టి, పట్టుపంచెతోనే కారెక్కాడు. సగం దారిలో, టికెట్ సొరుగులోనే ఉండిపోయిందని గుర్తొచ్చింది. స్టేడియం దగ్గర పార్కింగ్ దొరకలేదు. క్యూలో నిలబడి టికెట్ కొనేసరికి మూడూ ముప్పావు. లోపల్నుంచి కేకలు వినిపిస్తున్నాయి. ఆయన గేటు దాటుతుండగా ఆ కేకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మెట్లెక్కి చూస్తే, మైదానం ఎడమ అంచున నలుగురు మనుషులు స్ట్రెచర్ ఎత్తుతున్నారు. కోస్టిన్ మోచేతితో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. జనమంతా లేచి చప్పట్లు కొడుతూ అతని పేరు పిలుస్తున్నారు. వేలమందికి తెలిసిన పేరు. దాన్ని ఈయన నలుగురిలో ఎన్నడూ పలకలేదు. అల్లుణ్ణి మైదానంలో ఆయన చూసింది అదొక్కసారే. అదీ పడుకుని ఉండగా.

డాక్టర్లు ఎక్కువ నాన్చలేదు. ఎడమ మోకాలిలో లిగమెంటు మూడోసారి తెగింది. నడవడానికి నెలలు పడతాయి, ఆట సంగతి ఇక మర్చిపొమ్మన్నారు. శ్రుతి వాళ్ళ ఇంట్లో పడకగదులన్నీ మేడమీదే. అందుకని కోస్టిన్‌ని ఇక్కడికే, కింది గదికే తెచ్చారు.

గురువారం పొద్దున శ్రుతి క్లినిక్‌కి వెళ్ళింది. ప్రమోద వంటింట్లో ఉంది. ఆదిశేషు కాఫీ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మూడు రోజులుగా తిండి సయించనివ్వని మాట అడిగాడు.

"ఆ రోజు పొద్దున మా మాటలు విన్నావు. ఆ బాధతోనే పడిపోయావా?"

"లేదంకుల్," అన్నాడు కోస్టిన్ ఇంగ్లీషులో. "ఈ మోకాలు ఎప్పుడో అయిపోయింది. టేపు చుట్టుకుని ఆడుతున్నాను. ఇవాళ కాకపోతే రేపు."

కాసేపు ఇద్దరూ కిటికీలోంచి లాన్ చూశారు. గడ్డి బాగా పెరిగింది.

"అయితే మీ నడుం నిజంగా బాగానే ఉందా?" అని అడిగాడు కోస్టిన్.

"బాగానే ఉంది."

"మంచిది. తగ్గిందని మీరెప్పుడూ చెప్పలేదు. మందు పనిచెయ్యట్లేదేమోనని, ప్రతి ఏడాదీ ఫిజియోని అడిగి ఇంకా స్ట్రాంగ్‌ది తెచ్చేవాణ్ణి."

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అది ఉన్నా బావుండేదనిపించింది ఆదిశేషుకి. ఆయన వంటింట్లోకి వెళ్ళి సొరుగు లాగాడు. ఐదు ట్యూబులు, ఒక్కదానికీ సీలు తెరవలేదు. ఆరోది బల్ల మీదే ఉంది. ఆయన అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ప్రమోద దగ్గరికి రాబోయి ఆగిపోయింది.

"ఆ పళ్ళెం ఎక్కడుంది?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

మనీప్లాంట్ కుండీల కింద ఉంది. మట్టి కడిగి, చెంబుతో గోరువెచ్చని నీళ్ళు తీసుకుని ఇద్దరూ గదిలోకి వచ్చారు. కోస్టిన్‌ని మెల్లగా మంచం అంచుకి జరిపి, కట్టు తడవకుండా తువ్వాలు చుట్టి, పళ్ళెం పాదాల కింద పెట్టి, ఆదిశేషు నేలమీద కూర్చున్నాడు.

"అంకుల్, వద్దు. నా కాళ్ళు బాగుండవు," అన్నాడు కోస్టిన్ గాభరాగా. "పెళ్ళప్పుడు నేను ముందురోజు నెయిల్ సెలూన్‌కి వెళ్ళాను. ఆడవాళ్ళందరూ నన్నే చూశారు. అప్పుడు బాగున్నాయి. ఇప్పుడు..."

ఆదిశేషు తలెత్తలేకపోయాడు. మామగారు ముట్టుకుంటారని సింగారించుకుని వచ్చిన కాళ్ళవి. ఎడమ పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. రెండు గోళ్ళు నల్లబడిపోయాయి. చిటికెనవేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. మడమ మీద పాత కుట్లు. పదహారేళ్ళు పరిగెత్తిన కాలు ఇప్పుడాయన చేతిలో చల్లగా, బరువుగా ఉంది.

"ఒక్కసారి నీ ఆట చూడాల్సింది," అన్నాడు.

"మీ సీట్లు నేనే ఎంచాను, కార్నర్ కిక్ కొట్టే చోటికి దగ్గరగా. ప్రతిసారీ అటు చూసేవాణ్ణి. శనివారం అత్తయ్య కూర్చుంది. చెయ్యి ఊపాను."

ప్రమోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీళ్ళు పొయ్యి ప్రమోదా."

"మంత్రాలేవీ రావు కదండీ మనకి..."

"రాకపోతే ఫర్వాలేదు. పొయ్యి."

ఆవిడ పోసింది. కోస్టిన్ కాలు వెనక్కి లాక్కోబోయి, "అంకుల్, మీ నడుం..." అన్నాడు అలవాటుగా.

"నాకు నడుంనొప్పి ఎప్పుడూ లేదు నాన్నా. మావయ్యా అని పిలువు."

"మావయ్యా," అన్నాడు కోస్టిన్.

నీళ్ళు వంకరవేలి మీంచి జారి పళ్ళెంలో పడుతున్నాయి. చెంబు ఖాళీ అయినా ఆదిశేషు ఆ పాదం వదల్లేదు.