లేతు షెడ్డులో దీపం

గోదావరిఖని పొలిమేరలో, పట్టాల మీద బొగ్గు టబ్బులను లాగే ఇంజన్లు తయారుచేసే కార్ఖానా ఒకటి ఉండేది. డెబ్బయ్యో దశకంలో ఒక వేసవి నాడు అందులో ఆరువందల మందిని ఒక్కపూటలో తీసివేశారు. ఆనాటి నుంచి, మూతబడ్డ లేతు మిషన్ల షెడ్డుకు చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే లోపల ఇనుము మూలుగుతుందనేవారు...

ఆరువందల పొయ్యిలు ఆరినప్పుడు అదరని మేనేజరు కూడా, ఆ షెడ్డు ముందుకు రాగానే కారు అద్దాలు ఎక్కించుకొనేవాడట!

గేటు కాపలా నర్సింగానిది. ఒకప్పుడు అదే షెడ్డులో లేతు పనివాడు. అక్కడివాళ్లలో కొలువు మిగిలినవాడు అతనొక్కడే. దసరా నాడు కూడా అతనికి సెలవు దొరకలేదు.

"మిషన్లు తుక్కుకు అమ్ముతున్నాం," అన్నాడు మేనేజరు. "తీసేసినవాడెవడైనా లోపల కనపడితే పట్టివ్వు. లేదా, నీ ఉద్యోగమూ అంతే."

చీకటి పడింది. దూరాన పండుగ డప్పులు ఆగాయి. షెడ్డు కిటికీలో — వెలుగు!

నర్సింగం షెడ్డు తాళం తీశాడు. మిషన్ల నడుమ తెల్లటి ఆకారం ఒకటి వంగి ఉంది. దాని వెనుక మరొకటి... ఇంకొకటి...

"ఎ... ఎవలది?"

చల్లని చేయి ఒకటి అతని చేతిని పట్టుకొని, గుప్పిట్లో ఏదో పెట్టింది. విప్పి చూస్తే — దసరాకు బంగారమని పంచుకొనే జమ్మి ఆకు.

"బంగారం తీస్కో, తమ్మీ," అన్నాడు, ఒకనాడు అతనికి పని నేర్పిన సదయ్య, గుసగుసగా. "పండుగపూట మన మిషనుకు మనమే బొట్టు వెట్టాలె గద! టబ్బుల పట్టాలు గోడ కిందికెళ్లి పోయే సందుల నుంచి దూరినం."

ఉతికిన తెల్లధోవతుల్లో పాత పనివాళ్లు. ప్రతి మిషనుకూ బంతిపూల దండ, ముందు దీపం.

"మిమ్ముల పట్టియ్యకుంటె నా కొలువు పోతది, కాకా..."

"పట్టియ్యి మరి. నీ మిషనుకు సుత బొట్టు వెట్టినం. నువ్వైతె మర్సిపోతివి!"

నర్సింగం తలవంచి, ఆ జమ్మి ఆకునే సదయ్య చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కాడు.

తెల్లవారి దండలు చూసిన మేనేజరు ముఖం పాలిపోయింది.

"ఎవరు వచ్చారు?"

"గేటుకు ఏసిన తాళం ఏసినట్టే ఉన్నది, దొరా. దయ్యాలే. మీరు బతుకు తీసినంక వాళ్లు ఇంక మనుషులెట్లయితరు?"

ఆ దొరవారు ఆ పూటే షెడ్డు గుమ్మానికి నిమ్మకాయలు కట్టించి, నర్సింగాన్ని కొలువులోంచి తీసివేశారు. దయ్యాల మీద వారి హుకుం చెల్లదు మరి!

దయ్యం పట్టిన మిషన్లను ఏ తుక్కు షావుకారూ కొనలేదంటారు. మరుసటి దసరాకు, ఆ షెడ్డులో... ఒక దయ్యం ఎక్కువైంది.