నాయనమ్మ కవర్ల మూట

నిద్ర లేవగానే ఎవరైనా గడియారం చూస్తారు, లేదా ఫోను చూస్తారు. సంచులమ్మ మాత్రం కూతురి వీపుకు చెవి ఆనిస్తుంది. లోపల గాలి చప్పుడు లేకుండా వచ్చి పోతుంటే ఆ రోజుకు బతికిపోయినట్టే. సన్నగా ఈల వినిపించిందా, ఆమె కాళ్లూ చేతులూ చల్లబడిపోతాయి. ఆ ఉదయం ఈల వినిపించింది.

"పిచ్చుకా, లేమ్మా. రాత్రి ఇన్‌హేలర్ పఫ్ తీసుకున్నావా?"

"ఊఁ."

"నిజంగానే?"

"ఊఁ అన్నాగా అమ్మా," అంటూ పిల్ల దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

రోజంతా ఆగకుండా కబుర్లు చెబుతుందని తండ్రి పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. ఇంకా బడికి కూడా వెళ్లని వయసులోనే ఆ పిచ్చుక ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఉబ్బసం అంది డాక్టరమ్మ. దుమ్ము, పొగ, ఘాటు వాసనలు పడవంది. ఆ రోజు నుంచి సంచులమ్మకు లోకమంతా కలిసి తన కూతురి ఊపిరి మీద పగబట్టినట్టు తోచింది. లోకాన్ని మార్చడం తన వల్ల కాదు కనుక ఇంటిని మార్చింది. ఫినాయిలు పోయి వెనిగర్ వచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలు పోయి గాజు సీసాలు వచ్చాయి. ఆమెది కుట్టుపని. మిగిలిన గుడ్డముక్కలతో సంచులు కుట్టి వీధిలో అందరికీ ఊరికే పంచింది. అలా వచ్చిందే ఆ పేరు. పంచి ఊరుకుంటే బాగుండేది. సంచి తీసుకున్నవాళ్లు కవరుతో కనిపిస్తే నడివీధిలో నిలదీసేది. ఆమెను దూరం నుంచే చూసి సందు మారిపోయేవాళ్లు కూడా ఉన్నారు.

ఇక వంటగది అరలో ఓ గాజు జాడీ ఉంది. మళ్లీ వాడుకోలేని ప్లాస్టిక్ ముక్క ఏదైనా అందులోనే వెయ్యాలి. ఏడాది తిరిగేసరికి జాడీ నిండకూడదు, అదీ ఇంటి నియమం. చుట్టం వస్తే మంచినీళ్లకన్నా ముందు ఆ జాడీ చూపిస్తుంది. పాపం వాళ్లు నోరెండిపోతున్నా మెచ్చుకోవలసిందే. జాడీ అడుగున పిల్ల వాడేసిన పాత ఇన్‌హేలర్ పడి ఉండేది. "ఇదిగో, ఇదొక్కటే సగం చోటు మింగేసింది. లేకపోతే మా జాడీ ఖాళీయే!" అని నవ్వేది సంచులమ్మ.

భర్త బస్సు డ్రైవరు. ఇంట్లో నోరు తక్కువ మనిషి. "అవసరానికి ఉంటుంది, ఇంకో ఇన్‌హేలర్ కొని పక్కన పెడదామే" అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. "ఒకటి అయ్యాక ఇంకోటి. మందుల షాపు ఎక్కడికీ పారిపోదు" అని ఆమె కొట్టిపారేసింది. ఆ ఉదయం అతను తెల్లారకముందే బస్సెక్కి వెళ్లిపోయాడు.

పిల్ల స్నానానికి వెళ్లింది. ఈల సంగతి మనసులో ముల్లులా గుచ్చుతుంటే సంచులమ్మ దుమ్ము మీద దండయాత్రకు దిగింది. తడిగుడ్డ పట్టుకుని అత్తగారి మంచం కిందికి దూరింది. చెయ్యి ఓ మెత్తటి మూటకు తగిలింది. బయటికి లాగితే పెద్ద కవరు. దాని నిండా కవర్లు. ప్రతి కవరూ నీటుగా మడత పెట్టి ఉంది. మూతి దగ్గర ముడి మీద ముడి.

"అది ముట్టుకోకు!" అంటూ అత్తగారు మంచం మీంచి లేచింది.

"ఏంటత్తయ్యా ఇది?"

"కనబడట్లా? కవర్లు."

"ఈ ఇంట్లో కవరు కనబడకూడదని ఎన్నిసార్లు చెప్పాను!"

"అందుకేగా కనబడకుండా పెట్టుకున్నా. నా జన్మలో ఒక్క కవరు కొన్న పాపాన పోలేదు నేను. ఇంటికొచ్చినవాటిని పారెయ్యకుండా కడిగి, ఆరేసి దాచుకున్నా. పారెయ్యకండి, మళ్లీ వాడండి అని పొద్దస్తమానం ఊరందరికీ చెప్పేది నువ్వేగా?"

సంచులమ్మకు కోపం ముందుకు తోసుకొచ్చింది.

"పిల్ల మీ పక్కనే పడుకుంటుంది. దాని ముక్కు కింద ఈ చెత్తంతా పెట్టి మీరు నాకు నీతులు చెబుతున్నారా? దాని ఊపిరికేమైనా అయితే ఎవరు దిక్కు?"

"దాని ఊపిరి పేరు చెప్పి ఇంట్లో అందరి ఊపిరీ బిగబట్టించావు కదే! గట్టిగా తుమ్మాలన్నా నీ ముఖం చూడాల్సొస్తోంది."

వీధిలో చెత్తబండి గంట మోగింది. సంచులమ్మ మూట చంకన పెట్టుకుని చరచరా వెళ్లి బండిలో పడేసి వచ్చింది. అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ వీపు చూస్తే సంచులమ్మకు కొంచెం జాలేసింది. జాలి పనికిరాదని తనకు తానే సర్దిచెప్పుకుంది.

పిచ్చుక తల తుడుచుకుంటూ వచ్చింది. వస్తూనే మంచం కిందికి వంగి చూసింది.

"నాయనమ్మా, నీ మూటేదీ?"

"మీ అమ్మనడుగు."

"చెత్తబండిలో వేసేశాను" అంది సంచులమ్మ.

పిల్ల ముఖం పాలిపోయింది. "మొత్తమా? మొత్తం వేసేశావా? ఎందుకేశావమ్మా?" అని ఏడుపు అందుకుంది.

"చూశారా అత్తయ్యా? పిల్లకి కూడా ఈ కవర్ల పిచ్చి నూరిపోశారు!"

ఏడుపు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగింది గానీ ఆ తర్వాత రావలసిన ఊపిరి రాలేదు. వచ్చింది కూడా ఈలలా, సన్నగా, ఎక్కడో ఇరుక్కుని వచ్చింది. పిల్ల భుజాలు పైకి లేస్తున్నాయి. గొంతు కింద గుంట లోపలికి లాక్కుపోతోంది. కళ్లు ఇంతింత చేసుకుని తల్లినే చూస్తోంది.

"పఫ్! పఫ్ ఏదీ?" సంచులమ్మ బడి సంచి బోర్లించింది. పుస్తకాలు, పెన్సిళ్లు, గుడ్డ రుమాలు. ఇన్‌హేలర్ లేదు. దిండు కింద లేదు, కిటికీ గూట్లో లేదు. "ఎక్కడ పెట్టావు తల్లీ? చెప్పవే!"

పిల్లకు మాట రావడం లేదు. చెయ్యెత్తి మంచం కిందికి చూపించింది.

ముందు అర్థమైంది అత్తగారికి. "మూటలోనా? నా మూటలో పెట్టావా?"

పిల్ల తల ఊపింది.

సంచులమ్మ తన చేత్తో తానే తన బిడ్డ మందు తీసుకెళ్లి చెత్తలో వేసి వచ్చింది.

"నిలబడిపోయావేంటి, పరుగెత్తు! బండి సందు దాటి ఉండదు" అని అరిచింది అత్తగారు. పిల్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుంది. పక్కింటాయనకు వినపడేలా "బాబూ, కారు తియ్యి!" అని గొంతు చించుకుంది.

చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది సంచులమ్మ. సందు చివర బండి లేదు. మలుపు తిరిగితే అక్కడా లేదు. గంట చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు, చెవుల్లో కూతురి ఈలే మోగుతోంది. ఆ పక్క వీధిలో బండి కదలబోతుంటే అడ్డం వెళ్లి నిలబడింది. బండివాడు ఏదో అడుగుతున్నాడు, ఆమెకు వినబడలేదు. బండెక్కి రెండు చేతులా తోడింది. నిన్నటి అన్నం, తొక్కలు, బూడిద. వాటి కింద మూట.

అత్తగారి ముడి అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. గోళ్లకు లొంగలేదు. పళ్లతో కొరికి చింపింది. కవర్లు గాలికి లేచి వీధంతా పరుచుకున్నాయి. వాటి మధ్య నుంచి పిచ్చుక పాత సాక్సు ఒకటి జారిపడింది. అందులో నీలం రంగు ఇన్‌హేలర్ ఉంది.

చేతిలోకి తీసుకుని చూసింది. అది బరువుగా ఉంది. ఈపాటికి అయిపోవస్తూ ఉండాల్సిన మందు దాదాపు నిండుగానే ఉంది. పిల్ల ఎన్ని రాత్రులు "ఊఁ" అని అబద్ధం చెప్పిందో ఆలోచించే ధైర్యం లేక వెనక్కి పరుగెత్తింది.

కిటికీ దగ్గర అత్తగారు పిల్ల వీపును తన గుండెకు ఆనించుకుని, "నాతో పాటు వదులు తల్లీ, మెల్లగా, ఇంకా మెల్లగా" అంటోంది. ఆ ముసలి గొంతు వణకడం లేదు. పిల్ల పెదవులు నల్లబడ్డాయి. సంచులమ్మ మందు నోట్లో పెట్టి నొక్కింది. ఆగి మళ్లీ నొక్కింది. కారులో మళ్లీ నొక్కింది. దారి పొడుగునా అత్తాకోడళ్లిద్దరూ ఆ చిన్న ఛాతీ వైపు చూస్తూ తామూ ఊపిరి బిగబట్టారు.

ఆసుపత్రిలో మాస్కు పెట్టి మందు పొగ పట్టించాక పిల్ల భుజాలు కిందికి దిగాయి. పెదవులకు రంగు వచ్చింది. డాక్టరమ్మ ఛాతీ విని, సంచులమ్మ వైపు సూటిగా చూసింది.

"మందు సరిగా వాడుతున్నట్టు లేదే? ఇంకొంచెం ఆలస్యమైతే నా చేతిలో ఉండేది కాదమ్మా."

సంచులమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఎందుకు తీసుకోలేదు తల్లీ? నేను తిట్టను. చెప్పు."

పిచ్చుక మాస్కు పక్కకు జరిపింది. "వాడితే అయిపోతుంది కదమ్మా. అయిపోతే జాడీలో వెయ్యాలి. అదే సగం చోటు మింగేసింది అన్నావుగా. జాడీలు నిండిపోతే భూమి పాడైపోతుంది, పిల్లలకి గాలి ఉండదు అని కూడా అన్నావు. అందుకే కొంచెం కొంచెం ఊపిరి పీల్చుకుందామని..."

"మరి మూటలో ఎందుకు పెట్టావు?"

"అక్కడైతే ప్లాస్టిక్‌ని ఎవరూ తిట్టరుగా."

సంచులమ్మ మంచం పక్కన కూలబడి భోరుమంది. లోకం పగబట్టిందని ఇన్నాళ్లూ కాపలా కాసింది. లోపలికి రానివ్వకూడదనుకున్న భయాన్ని తానే రోజూ ముద్దలు కలిపి కూతురికి తినిపించింది.

"ఆ సాక్సు నిన్న నేనూ చూశానే" అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. "పిల్ల బొమ్మేదో దాచుకుందిలే అనుకుని పైన కవర్లు కుక్కి ముడి బిగించా. ఒక్కసారి విప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు."

"మీ తప్పేం లేదత్తయ్యా. మీరు లేకపోతే ఇవాళ నేనూ లేను."

"ఆ మాటలు మాట్లాడకు. ముందు ముఖం కడుక్కో, చెత్తకుండీలా ఉన్నావు" అంది అత్తగారు. సంచులమ్మ ఏడుస్తూనే నవ్వింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బస్సు డ్రైవరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కూతుర్ని ఎత్తుకుని మెడలో ముఖం దాచుకున్నాడు. గుమ్మం పక్కన ఓ గుడ్డ సంచి ఉంది. వీధిలో ఎగిరిపోయిన కవర్లన్నీ ఇరుగుపొరుగు ఏరి, సంచులమ్మ కుట్టిచ్చిన సంచిలోనే కుక్కి పెట్టి వెళ్లారు. ఆమె దాన్ని తీసుకెళ్లి అత్తగారి మంచం కింద పెట్టింది. "ముడి మాత్రం వెయ్యకండి" అంది.

కొత్తగా రెండు ఇన్‌హేలర్లు కొన్నారు. ఒకటి బడి సంచిలోకి, ఒకటి పిల్ల చేతికి అందే గూట్లోకి. వాటి వంక అనుమానంగా చూసింది పిచ్చుక.

"అమ్మా, మరి జాడీ నిండిపోతే?"

"నిండనీ."

"భూమికేమన్నా అయితే?"

వీధిలో ఎవరడిగినా సంచులమ్మ దగ్గర గంటసేపటి జవాబు ఉంటుంది. ఇప్పుడు ఆమె మోకాళ్ల మీద కూర్చుని కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"భూమి సంగతి పెద్దవాళ్లం మేం చూసుకుంటాం. నీ పనల్లా ఊపిరి పీల్చుకోవడమే."

"ఎంత కావాలంటే అంతా?"

"ఎంత కావాలంటే అంత."

పిల్ల గుండె నిండా గాలి లాక్కుంది. సంచులమ్మ దాని వీపుకు చెవి ఆనించింది. ఈల ఇంకా సన్నగా ఉంది. భయం ఆమెను వదల్లేదు, వదలదని కూడా ఆమెకు తెలుసు. పిల్లకు కనబడకుండా వెనక్కి చెయ్యి చాపి వెతుక్కుంది. అత్తగారి చెయ్యి అందింది. గట్టిగా పట్టుకుంది.