ఫ్రిజ్ వెనక వేడి

"చల్లగాలీ చల్లగాలీ, మా ఇంట్లో ఆగిపో... ఆగితే నీకు పీట వేస్తాం..."

తర్వాతేముందో చెల్లెలికి గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని అక్కాచెల్లెళ్లిద్దరూ పాడుకున్న పాట. మిగతా సగం అక్కకే వచ్చు. ఆ అక్క పోయి ఏడాదైంది.

అప్పుడూ ఇలాగే ఎండలు మండిపోతున్నాయి. అక్క జ్వరంతో మంచం దిగలేకపోతోంది. చెల్లెలు కుట్టుపనికి వెళ్లాలి. గది చల్లబడుతుందని ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచింది. చల్లదనం బయటికి పోకుండా కిటికీ గడియ బిగించింది. ముప్పై ఏళ్లు లాండ్రీలో ఇస్త్రీ చేసిన మనిషి అక్క, వేడి సంగతి ఆమెకు తెలియనిదా? ఫ్రిజ్ వెనక ఒక్కసారి చెయ్యి పెట్టి చూడమని, అది వేడంతా ఈ గదిలోకే కక్కుతోందని బతిమాలింది.

"వేడి అటు పోతోందంటే చల్లదనం ఇటు వస్తున్నట్టే కదక్కా. నీకన్నీ ఇస్త్రీపెట్టెల్లాగే కనిపిస్తాయి," అని నవ్వి, బయట తాళం వేసుకుని వెళ్లిపోయింది చెల్లెలు.

పని నుంచి తిరిగొచ్చేసరికి గది కొలిమిలా ఉంది. అక్క తెరిచిన కళ్లు ఫ్రిజ్ వైపే చూస్తున్నాయి. చెల్లెలు గబగబా ఫ్రిజ్ తలుపు మూసేసి, జ్వరమే అక్కను పొట్టన పెట్టుకుందని నలుగురికీ చెప్పింది. చెప్పగా చెప్పగా తనూ నమ్మింది.

ఈరోజు మిట్టమధ్యాహ్నం అదే మంచం మీద నడుం వాల్చింది. ముందు వాసన వచ్చింది. తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పటి వాసన. ఆ తర్వాత ఫ్రిజ్ మోటారు గుర్రుమంది.

ప్లగ్గు పీకేసిన దాని వైరు ఏడాదిగా చుట్టచుట్టి ఫ్రిజ్ పైనే ఉంది.

ఫ్రిజ్ తలుపు మెల్లగా తెరుచుకుంది. లోపల లైటు వెలిగింది. వెనక నుంచి వేడి... సెగలు సెగలుగా.

కిటికీ దగ్గరికి పరిగెత్తింది. గడియ నిప్పులా కాలుతోంది... రాలేదు. బయట తాళం పడిన చప్పుడు. తాళంచెవి మాత్రం తన నడుముకే వేలాడుతోంది. నోరు పిడచగట్టుకుపోయింది. ఊపిరి లోపలికి తీస్తే మంట...

"అక్కా... తెలియక చేశాను," అంది గుసగుసగా.

మోటారు ఒక్క క్షణం ఆగింది. తలుపు అవతల ఎవరో చెప్పులు వేసుకుంటున్నారు. అక్క గొంతు, ఎప్పటిలాగే మెత్తగా వినిపించింది.

"తెలియదనకు, చెప్పాను కదా. పడుకో చెల్లాయ్. సాయంత్రం వచ్చి తీస్తాను."