ఆటలో దాచిన రోడ్డు

"నా మొగుణ్ణి సంపుతాండారు సార్," అంది రామాంజినమ్మ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

2003 ఏప్రిల్. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక మేడ మీద ప్రైవేటు డిటెక్టివ్ శివప్ప ఆఫీసు. అసిస్టెంటు జయంతి ఆమెకు నీళ్లిచ్చింది. శివప్ప కన్నా తెలివైనవాడు జిల్లాలో లేడని జయంతి నమ్మకం. ఆ విషయంలో శివప్పకూ భిన్నాభిప్రాయం లేదు.

ఆమె భర్త తిప్పయ్య ముదిగుబ్బ దగ్గర గొర్రెలు కాస్తాడు. మంగళవారం సాయంత్రం ఐదింటికి గుట్ట కింద దేవేంద్ర అనే మనిషి తల పగిలి పడి ఉంటే, రోడ్డు దాకా భుజాన మోసుకొచ్చాడు. మనిషి బతకలేదు. నెత్తురు మాత్రం తిప్పయ్య కంబళికి అంటుకుంది. పోలీసులకు అంతకు మించి సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"ఆరు దినాలాయ సార్. ఒప్పుకోమని కొడతానే ఉండారు. ఎత్తకచ్చిందే తప్పాయ."

చనిపోయిన దేవేంద్రది ధర్మవరం. పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసే ఇంట్లో పుట్టాడు. అనంతపురంలో లక్ష్మీపతి కంపెనీలో కంప్యూటరు మీద రోడ్లు గీసేవాడు. ఆ కంపెనీ తయారుచేసిన ఆట పేరు 'లారీ పందెం'. జిల్లాలోని ఎనిమిది రోడ్ల మీద లారీలు పరిగెత్తుతాయి. సీడీ అట్ట మీద తయారుచేసినవారి పేరు లక్ష్మీపతి, అంతే. ఆటను కొనడానికి బెంగళూరు నుంచి ఒక కంపెనీ వాళ్లు ఆ బుధవారమే వచ్చి చూసిపోయారు.

శివప్ప మొదట అతన్నే కలిశాడు.

"మంగళవారం సాయంత్రం యాడుంటివప్పా?"

"తాడిపత్రి పక్కన్నా. ఆటకు కొత్త రోడ్డు కావాలని స్కూటర్లో క్వారీ రోడ్డు చూసేకి పోయింటి. ఐదు గంటలప్పుడు ఆడనే ఉంటి."

"ఏమేం చూసినావు?"

"తాడిపత్రి దాటినాక ఎడమపక్క బండల పాలిషు ఫ్యాక్టరీ. తర్వాత రైలు గేటు. గేటు దాటితే కుడిపక్క పగిలిన బండల గుట్ట."

"మనుషులెవరన్నా కనపడినారా?"

"ఒక్కడూ లేడు. ఎండ కదన్నా."

అదే మాట విని పోలీసులు అప్పటికే ఆ రోడ్డు చూసొచ్చారు. ఫ్యాక్టరీ ఉంది, గేటు ఉంది, గుట్ట ఉంది. జిల్లాకు తాడిపత్రి ఒక కొస, ముదిగుబ్బ ఒక కొస. లక్ష్మీపతిని వదిలేశారు.

జయంతి ఆట సీడీని కంప్యూటర్లో పెట్టి వెతికింది. తెర మీద ఎనిమిది రోడ్లే, లోపల పదకొండు ఉన్నాయి. మిగతా మూడూ సగం గీసి వదిలేసినవి. ఒకదాంట్లో రోడ్డు మధ్యలో ఆగిపోయి లారీ శూన్యంలో పడిపోయింది. పదకొండోది తెరిచి ఆమె నీరసపడింది.

"సార్, ఇది క్వారీ రోడ్డే. ఎడమపక్క ఫ్యాక్టరీ, గేటు, కుడిపక్క గుట్ట. అచ్చం లక్ష్మీపతి చెప్పినట్టే ఉంది. కొసన ఒక గోడ, దాని మీద 'ఈ రోడ్లన్నీ గీసింది దేవేంద్ర' అని రాసుంది."

శివప్ప మాత్రం చాలా సంతోషించాడు. మర్నాడు ఆమెను తాడిపత్రి తీసుకెళ్లి, ఏ పక్క ఏముందో రాసుకోమన్నాడు. కుడిపక్క ఫ్యాక్టరీ, గేటు, ఎడమపక్క గుట్ట అని రాసుకుంది. గుట్ట దగ్గర నలభై మంది బండలెత్తుతున్నారు. సాయంత్రం ఆరయ్యేదాకా రోజూ అదే పనట.

అక్కడి నుంచి ధర్మవరం వెళ్లారు. దేవేంద్ర తల్లి భద్రమ్మ కొడుకు గీసిన గ్రాఫులు తెచ్చింది. ప్రతి కాగితం మీద అంచు సగమే ఉంది.

"మిగతా సగం ఏదమ్మా?"

"ఎవురు గీస్తారు నాయనా? అద్దంలో మాదిరి తిప్పేస్తే అదే వస్తాది. మా ఇంట్లో అందరం అంతే."

ఆ సాయంత్రమే శివప్ప అందరినీ పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టాడు. తిప్పయ్య వేలిముద్ర ఉన్న కాగితం చూపించి ఎస్సై యేసన్న, "తిప్పయ్య నిన్న ఒప్పుకున్నాడు. ఇంకేముందప్పా?" అన్నాడు.

"ఒక రోడ్డుంది," అన్నాడు శివప్ప. "లక్ష్మీపతి చెప్పిన క్వారీ రోడ్డు కుడిఎడమలు తారుమారైన రోడ్డు."

"వచ్చేటప్పుడు చూసింటా," అన్నాడు లక్ష్మీపతి.

"వచ్చేటప్పుడైతే ముందు గుట్ట రావాల, ఆఖర్న ఫ్యాక్టరీ. నువ్వు వరస సరిగ్గా చెప్పి పక్కలు తప్పినావు. అట్లాంటి రోడ్డు భూమ్మీద లేదు. నీ సీడీలో ఉంది. దేవేంద్ర చీర అంచు తిప్పినట్టు రోడ్డును తిప్పి రెండో రోడ్డు చేసుకున్నాడు. పూర్తి చెయ్యక ముందే వదిలేసినాడు, అందుకే దాంట్లో మనుషుల్లేరు. నిజం రోడ్డు మీద నలభై మంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ నీకు కనపడలేదు."

లక్ష్మీపతి తలుపు వైపు చూశాడు.

"ఆ మంగళవారం పొద్దున నీ కంప్యూటర్లో ఆ రోడ్డు తెరిచినావు, ఎప్పుడు తెరిచినావో దాంట్లోనే ఉంటాది. గోడ మీద పేరు చూసినావు. మర్నాడు బెంగళూరు వాళ్లకు ఆట నీదని చూపించాల. పేరు తీసెయ్యమంటే దేవేంద్ర వినలేదు. కొత్త రోడ్డు చూద్దామని ముదిగుబ్బకు పిలుచుకుపోయినావు."

"నా కంపెనీ," అన్నాడు లక్ష్మీపతి. "నా కంప్యూటరు. వాడు గీసేవాడు, అంతే. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఇనకపోయె."

భద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జయంతి మురిసిపోతూ శివప్పను చూసింది. శివప్ప కూడా కాసేపు మురిసిపోయాడు. ఈ ఇద్దరికీ ఆ క్షణంలో తిప్పయ్య గుర్తుకు రాలేదు, అది చెప్పుకోవాల్సిన సంగతే.

లక్ష్మీపతిని లోపలికి పంపి తిప్పయ్యను బయటికి తెచ్చారు. ఇద్దరు పట్టుకుంటే నిలబడ్డాడు. అరికాళ్లు నేలకు ఆనడం లేదు.

"ఇడిసిపెట్టినారు, ఇంటికి పోదాం పా," అంది రామాంజినమ్మ.

తిప్పయ్య ఆమె వైపు చూడలేదు. ఎస్సైకి దండం పెట్టబోయాడు. వాచిన వేళ్లు కలవలేదు.

"నేనే సంపినా సార్. రాయెత్తి తలకాయ మింద ఏసినా."

"నువ్వు కాదప్పా. చంపినోడు దొరికినాడు," అన్నాడు శివప్ప.

తిప్పయ్య చేతులు తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఇది ఇంకో రకం పరీక్ష అనుకున్నాడు.

"లేదు సార్, నేనే. మొదట్నుంచి మళ్లా సెప్తా, కొట్టాకండి."